జోడు మొక్కలు

ఆ పార్కుకు సోమవారం సెలవు. నడిచేవాళ్ళకు, పరుగెత్తేవాళ్ళకు, బెంచీల మీద చేరి లోకాన్ని తిట్టిపోసేవాళ్ళకు అందరికీ ఆ రోజు గేటు మూసి ఉంటుంది. తోటమాలికి మాత్రం వారం మొత్తంలో ఆ రోజే అసలైన పని. ఆ పనేమిటో పదకొండేళ్ళుగా అతనికి, అతని పెళ్ళానికి తప్ప మూడో మనిషికి తెలియదు. సూపర్‌వైజరుకు తెలుసు గానీ, తెలియనట్టు ఉండటమే ఆయన ఉద్యోగం.

వీధిలో అందరూ అతన్ని మట్టికాళ్ళ మావయ్య అంటారు. పని నుంచి వచ్చాడంటే కింది మెట్టు నుంచి మూడో అంతస్తు దాకా పాదాల అచ్చులు వరసగా ఉంటాయి. మెట్లు కడిగే ఆవిడ ఊరుకునేది కాదు.

"ఈయన కాళ్ళకి సగం పార్కు అంటుకొస్తుంది. రేపో మాపో మన మెట్ల మీద గడ్డి మొలుస్తుంది, చూస్తూ ఉండండి!"

అతను నవ్వి ఊరుకునేవాడు. మాటకు మాట అంటించే మనిషి కాదు. ఆ ఇంట్లో మాటల వాటా మొత్తం పెళ్ళాం ఎప్పుడో తీసేసుకుంది.

పార్కును ఇప్పుడు చూసినవాళ్ళెవరూ నమ్మరు గానీ, ఒకప్పుడది ఊరందరి చెత్తదిబ్బ. అతను కుర్రతనంలో చెత్తలారీ మీద కూలీగా చేరాడు. ఆ దిబ్బలో సగం అతని చేతుల మీదుగా పడిందే. తర్వాత దాని మీద మట్టి కప్పి, గడ్డి పరిచి, పిల్లలకు జారుడుబల్ల పెట్టి, చుట్టూ నడక బాట వేసి పార్కన్నారు. లారీ కూలీల్లో ఇతని చెయ్యి పెడితే కట్టె కూడా చిగురిస్తుందని పేరుండేది కాబట్టి ఇతన్ని తోటమాలిని చేశారు.

పైన ఉన్నది రెండడుగుల మట్టి. వేరు ఆ రెండడుగుల్లో తిరుగుతున్నంత కాలం చెట్టు కళకళలాడుతుంది. వేరు దాటి కిందికి దిగిందా, అక్కడ పాత చెత్త ఇంకా కుళ్ళుతూ, ఉడుకుతూ ఉంటుంది. ఆ వేడికి, ఆ పాడుగాలికి మూడో ఏడో నాలుగో ఏడో ఆకు అంచులు మాడతాయి. నెల తిరక్కుండా చెట్టు నిలువునా ఎండిపోతుంది. అన్నీ ఎండవు. పదింట మూడు. ఏ మూడో దేవుడు కూడా ముందుగా చెప్పలేడు.

పార్కులో ఒక మూల పోయినవాళ్ళ పేరిట మొక్కలు నాటించుకునే పద్ధతి పెట్టారు. ఇంటివాళ్ళు ఆఫీసులో కాగితం రాసిస్తే తోటమాలి గుంట తీసి మొక్క నాటి, కర్రకు రేకు బిగిస్తాడు. రేకు మీద పోయిన మనిషి పేరు, వయసు. మొదటిసారి అలాంటి చెట్టు ఎండినప్పుడు అతను పరుగున వెళ్ళి సూపర్‌వైజరుకు చెప్పాడు.

"ఆదివారం వాళ్ళు చుట్టాలతో వస్తున్నారు. ఎండుకట్టెను చూపిస్తావా వాళ్ళకి?" అన్నాడాయన, కాగితాల మీంచి తల ఎత్తకుండా. "నాకేం చెప్పకు. నేనేం వినలేదు."

ఆ సోమవారం అతను ఎండినదాన్ని పీకేసి అదే జాతి, అదే ఎత్తు మొక్కను పెట్టాడు. ఆదివారం చుట్టాలొచ్చారు, రేకు పక్కన నిలబడి ఫొటోలు తీయించుకున్నారు, "ఎంత బాగా పెరిగిందో" అన్నారు, వెళ్ళిపోయారు. అప్పటి నుంచి ఎవరి పేరిట మొక్క నాటినా, దానికి తోడుగా ఇంకొకటి మోటారు గది వెనక కోసిన డ్రమ్ములో పెంచేవాడు. వాటిని జోడు మొక్కలనేవాడు. అతనికది మోసంలా అనిపించలేదు. చిరిగిన చొక్కాకు లోపలి నుంచి మాసిక వేస్తే ఎవరికి నష్టం? తొడుక్కునేవాడికి తెలియకపోతే అది మంచి మాసిక.

మూడేళ్ళ కిందట ఒకావిడ వచ్చింది. రెండు వీధుల అవతల ఒంటిగది దుకాణంలో కుట్టుమిషను పెట్టుకుని బడిపిల్లల బట్టలు కుడుతుంది. తొమ్మిదేళ్ళ కూతురు జ్వరంతో మూడు రోజుల్లో పోయింది. మొగుడు అంతకు చాలా ముందే తన దారి తాను చూసుకున్నాడు. మోకాలెత్తు ఎర్రపూల మొక్కను పిల్ల పేరిట నాటించుకుంది. మిగతావాళ్ళు ఏడాదికోసారి వస్తే గొప్ప. ఈవిడ నెలకు మొదటి ఆదివారం తప్పకుండా వచ్చేది. చేతిసంచిలో టేపు, ఒక చిన్న పుస్తకం, పెన్సిలు.

"అన్నయ్యా! ఈ నెల రెండంగుళాలు!" అని అంత దూరం నుంచే కేక వేసేది. "ఇలా ఎదిగితే గౌన్లు ఎన్నని కుట్టి చావాలి?"

"కుట్టేదానివి నువ్వు, పోసేవాణ్ణి నేను. నాకేం, ఇంకా ఎదగనీ చెల్లెమ్మా" అనేవాడు అతను, నీళ్ళ గొట్టం వదలకుండా.

ఆవిడ కొలిచేటప్పుడు మాత్రం దగ్గరికి వెళ్ళేవాడు కాదు. తల్లి పిల్లకు తల దువ్వుతుంటే పరాయివాడు పోయి నెత్తిన నిలబడతాడా? దూరంగా పాదులు చేసుకుంటూ ఉండేవాడు. చెట్టు ఆవిడ తలను దాటిన నెలలో అతని దగ్గరికి ముక్కాలిపీట అడగడానికి వచ్చింది.

"ఇక నాకు అందదన్నయ్యా. నన్ను దాటేసింది" అంది. నవ్వుతూనే అంది గానీ, పీట తీసుకుని వెంటనే కదల్లేదు. "పిల్ల కూడా నన్ను దాటేది. కాళ్ళు పొడుగు దానికి."

ఇంటికొచ్చి అతను ఆ మాట పెళ్ళాంతో చెప్పాడు. మామూలుగా అయితే ఆమెకు కొలతలావిడ మీద బోలెడన్ని హాస్యాలుండేవి. "ఏమయ్యా, నీ చెల్లెలు వచ్చిందా? చెట్లనే కొలుస్తుందా, నన్ను కూడా కాస్త కొలవమను. నిరుడు కుట్టించినవి ఒక్కటీ పట్టి చావట్లేదు" అనేది. ఆ రోజు మాత్రం గిన్నెలు సర్దుతూ, "ఆ చెట్టును జాగ్రత్తగా చూసుకో" అని ఊరుకుంది.

జాగ్రత్తగానే చూసుకున్నాడు. కానీ ఈ ఎండాకాలం, ఆవిడ వచ్చి వెళ్ళిన మూడో నాడు, బుధవారం పొద్దున, ఎర్రపూల చెట్టు పైకొమ్మ ఆకులు అంచుల దగ్గర మాడి కనిపించాయి. అతను రోజూ రెండు పూటలా నీళ్ళు పోశాడు. పాడుగాలి బయటికి పోతుందని పక్కన నడుములోతు గుంట తవ్వాడు. గుంటలోంచి వచ్చిన వాసన అతనికి బాగా తెలిసినదే, లారీ రోజుల వాసన. పగలు ఎండ తగలకుండా గోనెపట్టాలు కట్టాడు. మూడో శుక్రవారానికి కొమ్మ గిల్లి చూస్తే లోపల పచ్చదనం లేదు.

"ఈసారి చెప్పెయ్యవయ్యా" అంది పెళ్ళాం. "మిగతావాళ్ళ సంగతి వేరు. వాళ్ళు రేకును చూసి పోతారు. ఈవిడ చెట్టును చూసే మనిషి."

"చెట్టును చూసే మనిషి కాబట్టే చెప్పలేను."

"తర్వాత తెలిస్తేనో?"

"ఎలా తెలుస్తుందే? పదకొండేళ్ళలో ఎవరికి తెలిసింది?"

"మొక్కై వంగనిది మానై వంగునా అని నీలాంటోణ్ణి చూసే అని ఉంటారు" అని ఆమె విసురుగా లేచి వెళ్ళిపోయింది. కాసేపటికి మళ్ళీ తలుపు దగ్గరకొచ్చింది. "నేను చెప్పనా పోనీ? ఆడదానికి ఆడదాన్ని."

"వద్దు" అన్నాడు.

అతని భయం ఉద్యోగం గురించి కాదు. ఉద్యోగం పోదని తెలుసు. ఆ మనిషి నెలకోసారి వేసే ఒక్క కేక మీదే బతుకుతోందని, అది ఆగితే ఏమవుతుందోనని భయం. ఆ భయంతోనే సోమవారం తెల్లవారుతూనే పనిలోకి దిగాడు.

జోడు మొక్క మోటారు గది నీడలో పెరిగింది. నీడలోది ఎండ కోసం మెడ చాస్తుంది కదా, సన్నగా, పొడుగ్గా సాగింది. అసలుదాని కంటే జానెడు ఎత్తే ఉంది. ఆవిడ పోయినసారి వేసిన కేక అతనికి గుర్తుంది, ఏడడుగుల మూడంగుళాలు. ఎండాకాలం నెలకు అంగుళం ఎదుగుదల కలుపుకున్నాడు. నాటిన తర్వాత నేల నుంచి కొలిచి, సరిగ్గా ఏడడుగుల నాలుగంగుళాల దగ్గర తల తుంచి, తుంచినచోట మట్టి మెత్తాడు. పక్కన తవ్విన గుంట పూడ్చి, ఎండుటాకులు చల్లాడు. రేకును పాత ఎత్తులోనే బిగించాడు. చచ్చిన చెట్టును రంపంతో కోసి, కొమ్మలను ముక్కలు చేసే యంత్రంలో వేసి, వచ్చిన చెక్కపొట్టును ఎప్పటిలాగే తోపుడుబండిలో తీసుకెళ్ళి నడక బాట మీద పోశాడు. పార్కులో ఎండిన చెట్లన్నీ చివరికి చేరేది అక్కడికే. నడిచేవాళ్ళ కాళ్ళకు మెత్తగా ఉంటుంది.

సాయంత్రం దూరంగా నిలబడి చూసుకున్నాడు. తన చేతిపని తనకే తెలియనట్టు ఉంది. అయినా ఆ వారమంతా అన్నం సయించలేదు.

ఆదివారం ఆవిడ వచ్చింది. పీట వేసుకుంది. అతను నాలుగు పాదుల అవతల కూర్చుని, లేని కలుపు పీకుతున్నాడు.

"అన్నయ్యా! అంగుళం!" అని కేక.

పోయిన ప్రాణం లేచొచ్చింది అతనికి. "మరి! ఎండల్లో అంగుళమంటే మాటలా!" అన్నాడు, గొంతు అవసరమైన దానికంటే పెద్దదిగా.

తర్వాత అటు నుంచి చప్పుడు లేదు. చాలాసేపటికి తల తిప్పి చూశాడు. ఆవిడ పీట దిగి, టేపును కాండం చుట్టూ తిప్పి చూస్తోంది. తీసింది. మళ్ళీ చుట్టింది. పుస్తకం తెరిచి వెనక్కి పేజీలు తిప్పింది. తర్వాత టేపు ఒక కొన నేలకు అదిమి పట్టి, మొదటి కొమ్మ చీలిన చోటికి లాగింది. అదీ రెండుసార్లు చేసింది.

"అన్నయ్యా, ఒకసారి ఇలా రా."

కాళ్ళు ఈడ్చుకుంటూ వెళ్ళాడు.

"పిల్ల చిక్కిపోయింది" అంది.

"ఎండలు కదమ్మా. మనుషులమే చిక్కిపోతున్నాం."

"నడుము తగ్గింది, సరే, ఎండలే అనుకుంటా. భుజం పైకెలా పోయింది?"

"భుజమేంటి?"

ఆవిడ పుస్తకం అతని ముందు పెట్టింది. నెలకు ఒక అంకె కాదు, మూడు అంకెలున్నాయి. ఎత్తు, భుజం, నడుము. గౌనుకు కొలత తీసినట్టే తీసింది. పైకి కేక వేసేది ఎత్తు ఒక్కటే. కొమ్మ చీలిన చోటును భుజమని రాసుకుంది. కొమ్మ చీలిన నాటి నుంచి ఆ అంకె ఒక్కటే మారలేదు, నాలుగడుగుల రెండంగుళాలు. ఈ నెల ఐదడుగుల మీద ఉంది.

చెట్టు ఎంత ఎదిగినా పంగ పుట్టినచోటే ఉంటుంది, ఒక్క వెంట్రుకవాసి కూడా పైకి జరగదు. ఆ సంగతి ఆవిడకు ఎవరైనా నేర్పాల్సి వస్తే నేర్పాల్సినవాడు తనే. ఎత్తు ఎత్తని పాకులాడి, తోటమాలి అయ్యుండి, దాన్ని మరిచిపోయాడు.

"ఇరవై ఏళ్ళుగా కొలుస్తున్నా అన్నయ్యా. మనుషులు లావెక్కుతారు, చిక్కుతారు. ఎముక జరగదు." ఆవిడ గొంతు పెద్దది కాలేదు. "ఇది నా పిల్ల కాదు."

అతను అబద్ధం కోసం వెతుక్కున్నాడు. పదకొండేళ్ళుగా ఎవరూ అడగలేదు కాబట్టి ఒక్క అబద్ధం కూడా సిద్ధంగా లేదు.

"పోయిందమ్మా" అన్నాడు. "ఎంత చేసినా నిలవలేదు. ఇది దాని జోడు. అదే రోజు, అదే సంచిలోంచి తీసిన మొక్క."

"దాన్నేం చేశావ్?"

అతని చూపు నడక బాట వైపు పోయింది.

"చెప్పు. తిట్టను."

"ముక్కలు చేసి నడక బాట మీద పోశాను. అన్నీ అలాగే పోస్తాం."

ఆవిడ సంచి అక్కడే వదిలేసి బాట వైపు నడిచింది. అతను వెనకే వెళ్ళాడు. ఆదివారం కాబట్టి బాట నిండా జనం. చెవుల్లో వైర్లు పెట్టుకున్నవాళ్ళు, ఒగురుస్తూ పరుగెత్తేవాళ్ళు, పొట్టలు తగ్గాలని పంతం పట్టినవాళ్ళు. ఆవిడ బాట మధ్యలో నిలబడి కిందికి చూసింది.

"ఇందులో ఏది?"

"తెలియదమ్మా. నాలుగు చెట్లది కలిసిపోయింది."

"అమ్మా, కాస్త పక్కకు జరుగుతారా? దారికడ్డం" అన్నాడు పరుగెత్తుకొచ్చిన పెద్దమనిషి ఒకాయన, ఉన్నచోటే గెంతుతూ.

ఆవిడ జరిగింది. గడ్డి మీదికి వచ్చి, ఎక్కడ అడుగు వేయాలో తెలియనిదానిలా కాసేపు నిలబడింది. వెనక్కి వచ్చి సంచి తీసుకుంది. టేపు చుట్టి లోపల పెట్టుకుంది. పీట మోటారు గది దగ్గర పెట్టి మరీ వెళ్ళింది. తిట్టలేదు, ఏడవలేదు. రెండింటిలో ఏది చేసినా అతనికి ఇంత బరువుండేది కాదు.

మరుసటి నెల మొదటి ఆదివారం ఆవిడ రాలేదు. ఆ పై నెలా రాలేదు. జోడు మొక్క మాత్రం మహా జోరుగా వేళ్ళు పట్టి, తుంచిన తల పక్కనుంచి రెండు చిగుళ్ళు వేసింది. ఆ చిగుళ్ళను చూస్తే అతనికి ఒళ్ళు మండేది. దానికి నీళ్ళు పోసేటప్పుడు మొహం పక్కకు తిప్పుకునేవాడు.

ఒక సోమవారం రేకు ఊడదీసి, తుడిచి, గుడ్డలో చుట్టుకుని ఆవిడ దుకాణానికి వెళ్ళాడు. ఒంటిగది. గోడ పొడుగునా సగం కుట్టిన బడి బట్టలు వేలాడుతున్నాయి. ఆవిడ మిషను ఆపలేదు. కుట్టు చివరిదాకా పోనిచ్చి, దారం పళ్ళతో కొరికి, అప్పుడు తల ఎత్తింది.

"కూర్చో" అంది.

అతను కూర్చోలేదు. మట్టికాళ్ళతో గడప దగ్గరే నిలబడి రేకు చాచాడు. ఆవిడ దాన్ని తీసుకోలేదు. మిషను సొరుగులోంచి పుస్తకం తీసింది.

"ఏ రోజు పోయింది?"

"మూడో శుక్రవారం. బుధవారం పొద్దున మొదలైంది."

"అంటే నేను వచ్చినప్పుడు బాగానే ఉందా?"

"బాగానే ఉందమ్మా. పువ్వు కూడా ఉంది."

"నీళ్ళు పోశావా?"

"రెండు పూటలా."

ఆవిడ రాసుకుంది. కింద ఉన్న చివరి మూడు అంకెలను గీత పెట్టి కొట్టేసింది. పెన్సిలు పక్కన పెట్టాక అంది.

"ఆస్పత్రిలో దాని పక్కన నేను లేను. కింద ఎవరో కాగితం మీద సంతకం కావాలంటే వెళ్ళాను. పైకి వచ్చేసరికి దుప్పటి కప్పేశారు. 'పిలుద్దామనుకున్నాం, చూసి తట్టుకోలేరని పిలవలేదు' అన్నారు. మంచికే అన్నారు." మిషను మీద చెయ్యి వేసి, తీసేసింది. "పదహారు రోజులు పట్టింది కదన్నయ్యా ఆ చెట్టు పోవడానికి? రెండు వీధులే కదా నేనుండేది. పదహారు రోజుల్లో ఒక్కసారి పిలవలేకపోయావా?"

లోపలికి ఎవరో పిల్లను వెంటబెట్టుకుని బట్టలకు కొలతలివ్వడానికి వచ్చారు. ఆవిడ లేచింది.

"రేకు బల్ల మీద పెట్టి వెళ్ళు. ఇక రావద్దు. నీ మీద కోపం లేదు. రావద్దంతే."

ఆ వారంలోనే అతను మోటారు గది వెనక డ్రమ్ముల్లో ఉన్న జోడు మొక్కలన్నీ తీసి, గేటు అవతల రోడ్డు పొడుగునా నాటేశాడు. పార్కు మూలలో అప్పటికే రెండు చెట్లకు ఆకు మాడుతోంది. ఆఫీసుకు వెళ్ళి వాటి వాళ్ళ ఫోను నంబర్లు కావాలన్నాడు.

"నీకేమైనా పిచ్చి పట్టిందా?" అన్నాడు సూపర్‌వైజరు. "కోరి తలనొప్పి తెచ్చిపెట్టుకుంటావా?"

"పోయే ముందే చెప్పాలి సారూ. వచ్చి చూసుకుంటారు."

"చూసి ఏం చేస్తారయ్యా?"

"అది వాళ్ళిష్టం."

నంబర్లు కాగితం మీద రాయించుకుని ఇంటికొచ్చాడు. కళ్ళజోడు లేనిదే అంకెలు ఆనవు కాబట్టి పెళ్ళాం చదువుతుంటే తను నొక్కాడు. మొదటిది ఎనిమిదేళ్ళ కిందట పోయిన ఒక ముసలావిడ కొడుకుది. ఆవిడ పేరిట నాటిన చెట్టు అతను అప్పటికి రెండుసార్లు మార్చాడు.

"అయ్యా, పార్కు నుంచి తోటమాలిని. మీ అమ్మగారి చెట్టుకు ఆకు మాడుతోందండీ. ఇంకో పదిహేను రోజులుంటుందేమో. ఒకసారి వచ్చి చూసుకుంటారని. ఇంకో సంగతి కూడా చెప్పాలి మీకు."

"ఏ చెట్టండీ? ఎవరు కావాలి మీకు?"

అతను మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. పార్కు, మూల, రేకు, రేకు మీద పేరు. అటువైపు ఎవరో పిల్లలు అరుస్తున్నారు. ఎవరినో ఊరుకోమన్నాడా మనిషి.

"ఓ, అదా! అది ఇంకా ఉందా? మా నాన్న ఉన్నప్పుడు వేయించాడు. సరే లెండి, మీకు తోచినట్టు చెయ్యండి" అని పెట్టేశాడు.

అతను ఫోను చెవి దగ్గరే పెట్టుకుని కూర్చున్నాడు. పెళ్ళాం ఆగలేక భుజం కుదిపింది.

"ఏమన్నాడు? తిట్టాడా? వస్తానన్నాడా?"

"ఇంకా ఉందా అని అడిగాడు."

జోడు మొక్కల సంగతి చెప్పే అవసరమే రాలేదు. ఎనిమిదేళ్ళుగా ఎవరి కళ్ళుగప్పాలని తలదించుకుని, సెలవు రోజున దొంగలా గుంటలు తవ్వాడో, అక్కడ చూసే కన్నే లేదు. చూసిన కన్ను ఒక్కటే ఒక్కటి. దాన్నే పొడిచాడు.

పెళ్ళాం కాగితం మడతపెట్టబోతుంటే అతను ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

"రెండోది చదువు" అన్నాడు.

ఆమె కాగితాన్ని వెలుతురుకు తిప్పుకుని, ఒక్కో అంకె నెమ్మదిగా చదవసాగింది.